అతిథి కుటుంబాల వంటిల్లు: హక్కా వంట గురించి ఒక ప్రసంగం

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

ఇందాక ఇక్కడికి నడిచి వస్తూ మన గ్రంథాలయం మలుపులో ఉన్న ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఆగాను. మీరు రోజూ చూసే బండే. బోర్డు మీద మొదటి పేరు 'హక్కా నూడుల్స్'. గరిటె ఆడిస్తున్న కుర్రాణ్ణి "హక్కా అంటే ఏంటి నాయనా?" అని అడిగాను. "సన్న నూడుల్స్ సార్, ప్యాకెట్ మీద అలాగే ఉంటుంది" అన్నాడు. అతని తప్పేమీ లేదు. మన దగ్గర ఆ మాటకు ఆ అర్థమే స్థిరపడిపోయింది. కానీ హక్కా అనేది నూడుల్స్ రకం కాదు, ఒక జనం పేరు. వాళ్ల ఇళ్లలో నేను పదకొండేళ్లపాటు అన్నం తిన్నాను. ఆ రుణంతోనే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

నా ఉద్యోగం తోళ్ల పరిశ్రమకు కావలసిన రంగులూ రసాయనాలూ అమ్మడం. 1986లో నన్ను కలకత్తాకు వేశారు. నగరానికి తూర్పున టాంగ్రా అనే పేట ఉంది. పొడవాటి గోడలు, ఇరుకు సందులు, పక్కనే మురుగుకాలవ, గాలి నిండా పచ్చితోలు వాసన. ఆ గోడల వెనక ట్యానరీలు, అంటే తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలు. కింద సున్నపు తొట్లు, చెక్క పీపాలు, పైన కాపురం. ఆ ట్యానరీలు నడిపేది చైనా కుటుంబాలు, దాదాపు అందరూ హక్కావాళ్లే. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం అయ్యేది. బిల్లు సంగతి తర్వాత, ముందు భోజనం చెయ్యి అనేవారు. హక్కా భాషలో నాయనమ్మను 'ఆ పో' అంటారు. నేను తరచుగా వెళ్లే ఒక ఇంట్లో ఆ పో డెబ్బై ఏళ్ల మనిషి. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడేది. ఆమె వడ్డించిన గిన్నెల గురించే నేను ఇవాళ ఎక్కువ చెబుతాను.

ముందు ఆ పేరు సంగతి. 'హక్' అంటే అతిథి, 'కా' అంటే ఇల్లు, కుటుంబం. అతిథి కుటుంబాలు. వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ, నిజానికి ఊళ్లో ముందునుంచీ ఉన్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు పెట్టిన పేరది. మీరు ఇక్కడివాళ్లు కాదు అని గుర్తుచేసే పేరు. కాలక్రమంలో వీళ్లే దాన్ని సొంతం చేసుకున్నారు. వీళ్ల పూర్వీకులు చైనా ఉత్తరాన పసుపు నది మైదానాలవాళ్లు. యుద్ధాలు వచ్చినప్పుడల్లా, ఉత్తరాది నుంచి దండయాత్రలు జరిగినప్పుడల్లా కొంతమంది దక్షిణానికి కదిలారు. 4వ శతాబ్దంలో కొందరు, టాంగ్ రాజ్యం కూలినప్పుడు కొందరు, 13వ శతాబ్దంలో మంగోలులు వచ్చినప్పుడు మరికొందరు. దక్షిణానికి చేరేసరికి నదుల పక్కన మంచి మాగాణి అంతా ఎవరో ఒకరి చేతిలో ఉంది. మిగిలినవి కొండలు. గ్వాంగ్‌డాంగ్, ఫూజియాన్, జియాంగ్‌షీ అనే మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కొండల్లో వీళ్లు నిలదొక్కుకున్నారు. మేజౌ పట్టణం ఆ ప్రాంతానికి గుండెకాయ. 'కొండ ఉన్నచోట హక్కావాడు ఉంటాడు' అని చైనాలో ఒక మాట ఉంది.

స్థానికులతో పొత్తు ఎప్పుడూ సాఫీగా లేదు. గ్వాంగ్‌డాంగ్‌లో 1855 నుంచి 1867 దాకా స్థానికులకూ హక్కాలకూ మధ్య పెద్ద యుద్ధమే నడిచింది, ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఫూజియాన్ కొండల్లో మట్టితో కట్టిన గుండ్రటి కోటల్లాంటి ఇళ్లు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. తులౌ అంటారు. వంశమంతా ఒకే ఇంట్లో, బయటివైపు కింది అంతస్తులకు కిటికీలు లేకుండా. అలాంటి 46 కట్టడాలను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చరిత్ర ఇంతటితో ఆపుతాను. ఇందులో మనకు కావలసింది ఒక్కటే: వీళ్లు కదిలిన మనుషులు, వీళ్లకు దక్కింది పల్లపు భూమి కాదు, కొండ.

కొండ మీద బతుకంటే ఒళ్లు వంచాలి. ఆ రోజుల్లో చైనాలో పాదాలు కట్టే ఆచారం ఉండేది కదా, ఆడపిల్లల కాళ్లు చిన్నప్పుడే బిగించి కట్టేసేవారు. హక్కా స్త్రీలు దాన్ని పాటించలేదు. వాళ్లు పొలం దున్నాలి, కట్టెలు మోయాలి, కొండ ఎక్కి దిగాలి. మగవాళ్లు పని వెతుక్కుంటూ దూరదేశాలు పోతే సేద్యమంతా ఆడవాళ్ల మీదే నడిచింది. అలా చెమటోడ్చే శరీరానికి ఏం కావాలి? ఉప్పు కావాలి, కొవ్వు కావాలి, కాస్త కూరతో ఎక్కువ అన్నం లోపలికి వెళ్లాలి. హక్కా వంటను తైవాన్‌లో మూడు మాటల్లో చెబుతారు: ఉప్పన, సువాసన, కొవ్వు. రెస్టారెంట్లకు వెళ్లే ఈ తరం వాళ్లు 'అబ్బ, బరువుగా ఉంది' అంటారు. అది బరువైన పని చేసినవాళ్ల తిండి, మరి.

ఇక అసలు విషయానికి వస్తాను. నా మనసుకు బాగా దగ్గరైనది ఆవకూర. మన ఆవాల మొక్కే, జాతి కొద్దిగా వేరు, ఆకు పెద్దగా, కాడ లావుగా ఉంటుంది. తైవాన్ హక్కా ఊళ్లలో రెండో కారు వరి కోశాక, మళ్లీ నాట్లు వేసేలోపు, ఖాళీగా ఉన్న మడిలో ఆవకూర వేస్తారు. చలికాలంలో అది ఒక్కసారిగా చేతికొస్తుంది. అంత కూర ఎవరు తినగలరు? అప్పుడు మొదలవుతుంది అసలు పని. కోసిన మొక్కలను పొలంలోనే ఎండకు వడలబెట్టి, ఉప్పు చల్లుతూ తొట్టిలో పొరలుగా పేర్చి, తొక్కి, పైన రాళ్లు పెడతారు. కొన్నాళ్లకు పులుస్తుంది. అది మొదటి మెట్టు, పుల్లకూర. దాన్ని తీసి సగం ఎండబెట్టి, సీసాలో కర్రతో కూరి కూరి, గాలి అన్నది లేకుండా నింపి, సీసాను తలకిందులుగా బోర్లిస్తారు. అది రెండోది, ఫూ ఛాయ్. బోర్లించిన కూర అనే అర్థంలోనే ఆ పేరు మొదలైంది. మరికొంత కూరను పూర్తిగా ఎండబెట్టి ముడులుగా కట్టి దాచుకుంటారు. అది మూడోది, మే గాన్ ఛాయ్. ఒకటే మొక్క, ఒకటే ఉప్పు, ఒకటే ఎండ. ఎన్నాళ్లు ఆగారన్నదాన్ని బట్టి మూడు రుచులు.

మన వరుగులు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వంకాయ వరుగు, చిక్కుడు వరుగు, గోరుచిక్కుడు వరుగు మన అమ్మమ్మలు డాబా మీద ఎండబెట్టినవే. తేడా ఏమిటంటే, మనకు వరుగు అనేది కూర దొరకని రోజులకు పెట్టుకున్న నిల్వ. వాళ్లకు ఎండు ఆవకూర పండుగనాటి గిన్నెలోకి కూడా వస్తుంది. లేమిలో నేర్చిన పనిని పండుగ పీట మీద కూర్చోబెట్టారు. నాకు అందులో చాలా గౌరవం కనిపిస్తుంది.

ఆ గిన్నె పేరు చెబుతాను. హక్కాలో 'ఖియూ ఞ్యుక్'. ట్యానరీలో నేను తిన్న మొదటి భోజనం అదే. పంది పొట్టభాగం, చర్మం కొవ్వు మాంసం పొరలుపొరలుగా ఉండే ముక్క. ముందు దాన్ని పూర్తిగా ఉడికిస్తారు. చర్మమంతా సూదితో పొడిచి, నల్ల సోయాసాస్ పట్టించి, నూనెలో చర్మం బుడగలు వచ్చేదాకా వేయించి, చన్నీళ్లలో వేస్తారు. తర్వాత వేలి మందాన ముక్కలు కోసి, చర్మం కిందికి వచ్చేలా లోతైన గిన్నెలో వరుసగా పేరుస్తారు. దాని మీద కడిగి తరిగి వేయించిన ఎండు ఆవకూర గుట్టగా పోసి, రెండు మూడు గంటలు ఆవిరి మీద ఉడికిస్తారు. కొవ్వు కరిగి కిందికి దిగుతుంది, ఆవకూర ఆ కొవ్వును పీల్చుకుంటుంది, ఆవకూరలోని ఉప్పూ తీపీ మాంసంలోకి వెళ్తాయి. చివర్లో పైన పళ్లెం మూసి గిన్నెను ఒక్కసారిగా బోర్లిస్తారు. గిన్నె ఎత్తితే మెరిసే చర్మంతో ముక్కలు గుమ్మటంలా నిలబడి ఉంటాయి, కింద ఆవకూర. చైనీయంలో ఆ పేరుకే 'బోర్లించిన మాంసం' అని అర్థం.

ఆ పో నా పళ్లెంలోకి మాంసం ముక్క వేసి, పక్కన రెండు గరిటెల ఆవకూర వేసింది. నేను ముక్క తిని ఆవకూర పక్కకు పెట్టాను, అదేదో అలంకారం అనుకుని. ఆమె తను అన్నం తినే పుల్లలతో నా పళ్లెం మీద తట్టి, హిందీలో, "మాంసం పిల్లలకు. ఇది పనిచేసేవాళ్లకు" అంది. తిన్నాను. ఇప్పటికీ ఆ ఆవకూర రుచి నాలుక మీద ఉంది. ఎండిన గడ్డివాము వాసన, బెల్లం లాంటి ఒక చిన్న తీపి, అడుగున ఉప్పు. ఆ ఇంటి డాబా మీద జనవరిలో ఒక వైపు తోళ్లు ఆరేవి, రెండో వైపు తాళ్ల మీద ఆవకూర ఆరేది. తోలు ఉప్పేసి నిల్వ చేయడం, ఆకు ఉప్పేసి నిల్వ చేయడం రెండూ ఆ కుటుంబానికి తెలుసు. నా ఉద్యోగం తోలు వైపు. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆకు వైపే ఉండేది.

ఇప్పుడు టోఫు. ఇది ఇంకా ఆసక్తికరం. ఉత్తరాది చైనాలో కొత్త సంవత్సరానికి గోధుమపిండి పలచగా వత్తి, లోపల మాంసం పెట్టి, మడిచి ఉడికిస్తారు, జియావోజి అంటారు. మోమోలు తిన్నవాళ్లు ఊహించుకోవచ్చు. హక్కావాళ్లు దక్షిణానికి వచ్చారు. ఇక్కడ పండేది వరి. గోధుమ లేదు. పండుగ వచ్చింది, లోపల పెట్టే ముద్ద ఉంది, చుట్టే పిండి లేదు. అప్పుడు సోయాపాలు విరగ్గొట్టి చేసిన టోఫు ముక్కలో చిన్న గొయ్యి చేసి, అందులో ముద్దను కూరారు. హక్కావాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఇద్దరు స్నేహితులు పూటకూళ్ల ఇంట్లో ఒకడు టోఫు కావాలని, ఒకడు మాంసం కావాలని పట్టుబడితే వంటవాడు రెండూ కలిపి పెట్టాడని ఇంకో కథ కూడా ఉంది. నాకైతే మొదటి కథే నిజమనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు చేసే ప్రతి పనిలోనూ అదే బుద్ధి కనిపిస్తుంది. పదార్థం దొరక్కపోతే పదార్థాన్ని వదిలేస్తారు. చేసే పద్ధతిని మాత్రం వదలరు.

కూరడం అనే ఆ పని ఒకసారి చేతికి వచ్చాక ఇక ఆగలేదు. టోఫు, కాకరకాయ, వంకాయ, ఈ మూడింటినీ కూరితే 'కూరిన మూడు నిధులు' అంటారు. పచ్చిమిరపకాయల్లో, పుట్టగొడుగుల్లో కూడా కూరతారు. ముద్దలో మాంసంతో పాటు కాస్త ఉప్పు చేప, ఎండు రొయ్యలు, ఉల్లికాడలు. గుత్తి వంకాయ చేసే చేతులకు ఈ పని కొత్త కాదు. మన వంకాయలో పొడి కారం వెళ్తుంది, వాళ్ల వంకాయలో మాంసపు ముద్ద వెళ్తుంది, అంతే. మలేషియాలో ఇదే 'యోంగ్ టావ్ ఫూ' పేరుతో వీధి తిండి అయిపోయింది. కౌలాలంపూర్ దగ్గరి అంపాంగ్ దానికి పేరుపొందింది. అక్కడి తెలుగువాళ్లు ఎవరైనా ఈ సభలో ఉంటే తప్పకుండా తిని ఉంటారు.

లేయ్ చా గురించి కూడా రెండు మాటలు. గరుకు గీతలున్న మట్టి గిన్నెలో టీ ఆకు, వేరుశెనగ, నువ్వులు, పుదీనా, తులసి జాతి ఆకులు వేసి పొడవాటి కర్రతో నూరతారు. ఆ కర్ర చాలాచోట్ల జామచెట్టుది. ముద్దయ్యాక వేడి నీళ్లు పోస్తే పచ్చటి చారు తయారవుతుంది. మలేషియాలో దాన్ని అన్నం, తరిగిన కూరలు, ఎండు ముల్లంగి, టోఫు ఉన్న గిన్నెలో పోసుకుని తింటారు. పూర్తిగా శాకాహారంగా కూడా చేసుకోవచ్చు. ఇంగ్లీషులో దీన్ని 'ఉరుము టీ' అని రాస్తారు. అది పొరపాటు. నూరడం అనే మాట, ఉరుము అనే మాట చైనీయంలో పలకడానికి ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఉరుములేమీ లేవు, ఆడవాళ్ల భుజాల నొప్పి ఉంది. తైవాన్‌లోని బేయ్‌పూ అనే ఊళ్లో ఇప్పుడు పర్యాటకులకు గిన్నె, కర్ర ఇచ్చి మీరే నూరుకోండి అంటారు. అక్కడిది తీపిగా ఉంటుంది.

ఉప్పులో కాల్చిన కోడి డోంగ్‌జియాంగ్ నది పరివాహకంలో, హుయ్‌జౌ వైపు పుట్టింది. ఉప్పు పనివాళ్లు మొదలుపెట్టారంటారు. కళ్లుప్పును పెనంలో పొగలు వచ్చేదాకా వేయించి, కాగితంలో చుట్టిన కోడిని అందులో పాతిపెట్టి మూతేస్తారు. నీళ్లు లేవు, నూనె దాదాపు లేదు. ఉప్పు వేడికి కోడి తన రసంలోనే ఉడుకుతుంది. అల్లం జాతికి చెందిన ఒక చిన్న దుంప పొడి పట్టిస్తారు, కర్పూరం లాంటి ఘాటు వాసన. విప్పినప్పుడు గదంతా ఆ వాసనే. చేమదుంప ఉడికించి, మెదిపి, పిండి కలిపి, మధ్యలో వేలితో నొక్కి, పూసల చట్రంలోని పూసల్లా చేసి వేయించే వంటకం ఇంకొకటి ఉంది. పూసల చట్రం అంటే వ్యాపారుల లెక్కల పలక. డబ్బు లెక్కపెట్టుకునేంత బాగుండాలని కొత్త సంవత్సరానికి చేస్తారు.

బాలింత తిండి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఇంట్లో కోడలు నెల తప్పిందంటే అత్తగారు జిగురు బియ్యంతో సారా పులియబెడుతుంది. కాన్పు సమయానికి అది తయారుగా ఉండాలి. నువ్వులనూనెలో అల్లం బాగా వేయించి, కోడి ముక్కలు వేసి, నీళ్లకు బదులు ఆ సారా పోసి ఉడికిస్తారు. నెలరోజులు బాలింతకు అదే బలం. బిడ్డకు నెల నిండిన రోజున చుట్టాలకు కూడా పెడతారు. మన ఇళ్లలో బాలింతకు కాయం ముద్ద పెట్టే మంత్రసానులను చూసినవాడిని. టాంగ్రాలో ఆ అత్తగారు కుండ మూత తీసి వాసన చూసే తీరు చూస్తే నాకు పరాయి దేశంలా అనిపించలేదు.

ఇప్పుడు కలకత్తా. చైనా నుంచి బెంగాల్ వచ్చిన మొదటివాడిగా చెప్పుకునే మనిషి టాంగ్ అచ్యూ. 18వ శతాబ్దం చివర్లో, వారన్ హేస్టింగ్స్ కాలంలో, బజ్‌బజ్ దగ్గర భూమి తీసుకుని చెరకు మిల్లు పెట్టాడు. ఆ ఊరు ఇప్పటికీ అచీపూర్. కొత్త సంవత్సరానికి కలకత్తా చైనీయులు అక్కడి గుడికి వెళ్తారు. తర్వాత వచ్చినవాళ్లలో ఒక్కో ప్రాంతంవాళ్లు ఒక్కో పని పట్టుకున్నారు. కాంటన్ వాళ్లు వడ్రంగం, హుబేయ్ వాళ్లు దంతవైద్యం, హక్కాలు చెప్పులూ తోలూ. తోలు పని ఇక్కడి కులవ్యవస్థలో అంటరానిదిగా చూసిన పని. వేరేవాళ్లు ముట్టని ఆ పనిలో వీళ్లకు చోటు దొరికింది. కొండల్లో మిగిలిన భూమి ఎలా దొరికిందో, ఇక్కడ మిగిలిన పని అలా దొరికింది. 20వ శతాబ్దం మొదట్లో టాంగ్రాలో ట్యానరీలు వెలిశాయి, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల బూట్లకు గిరాకీ వచ్చి అవి పెరిగాయి. ఎక్కువమంది మేజౌ వాళ్లు. వాళ్ల నోట ఆ ఊరు 'మొయెన్'.

1962 వచ్చింది. చైనాతో యుద్ధం. అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ ప్రాంతాల నుంచి దాదాపు 3,000 మంది చైనా సంతతి వాళ్లను, పసిపిల్లలతో సహా, రైళ్లలో ఎక్కించి రాజస్థాన్‌లోని దేవళీ శిబిరానికి తీసుకెళ్లారు. నేరం చెయ్యలేదు, విచారణ లేదు. కొందరు ఏళ్లతరబడి అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఇళ్లు, దుకాణాలు వేలంలో పోయినవాళ్లు ఉన్నారు. నేను ఆ ఇళ్లలో తిరిగిన పదకొండేళ్లలో ఈ విషయం ఒక్కసారే విన్నాను, అదీ ఆ పో కొడుకు గొంతు తగ్గించి చెబితే. మన దేశం ఈ సంగతి ఇంకా గట్టిగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాలి. ఆ తర్వాత చాలామంది కెనడా దారి పట్టారు.

1996లో సుప్రీంకోర్టు కలకత్తా ట్యానరీలను నగరం బయటికి, బంటాలాకు తరలించమంది. మురుగు సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ తీర్పు తప్పని నేను అనను. కానీ చాలా కుటుంబాలకు అంత పెట్టుబడి లేదు. పీపాలు ఆగిపోయాయి. అప్పటికే కొన్ని ట్యానరీల ముందుగదుల్లో హోటళ్లు నడుస్తున్నాయి. తర్వాత గోడలకు సున్నం వేసి, బల్లలు వేసి, మరికొన్ని ట్యానరీలు హోటళ్లయ్యాయి. ఇంట్లో వండేది వేరు, హోటల్లో వండేది వేరు. వచ్చే జనం బెంగాలీలు, మార్వాడీలు, పంజాబీలు. వాళ్లకు పచ్చిమిర్చి కావాలి, కొత్తిమీర కావాలి, అన్నంలో కలుపుకునే చిక్కటి పులుసు కావాలి. సరే అన్నారు. సోయాసాస్, వెనిగర్, పచ్చిమిర్చి సాస్, కార్న్‌ఫ్లోర్. పిండి లేనిచోట టోఫు పట్టుకున్న చేతులే ఇక్కడ కొత్తిమీర పట్టుకున్నాయి.

కలకత్తాలో చైనా వంటవాళ్లు ఎక్కువగా హక్కాలే కాబట్టి, వాళ్లు పెద్ద మంట మీద క్యాబేజీ, క్యారెట్ వేసి వేయించిన నూడుల్స్‌కు వాళ్ల పేరే అంటుకుంది. మేజౌలో ఈ పేరుతో వంటకం లేదు. అక్కడ పొద్దున్నే తినే నూడుల్స్ వేరు. ఉడికించిన నూడుల్స్‌లో పందికొవ్వు, వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు కలుపుతారు, పక్కన వేడి సూపు. కూరగాయలే ఉండవు. ఇక మంచూరియా సంగతి. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వండుతూ, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో మొదలుపెట్టి, గరం మసాలా వేయాల్సినచోట సోయాసాస్, కార్న్‌ఫ్లోర్ వేశానని తానే చెప్పారు. చైనాలోని మంచూరియాకూ దీనికీ సంబంధం లేదు. కోడి బదులు కాలీఫ్లవర్ వేసుకుని మన ఊళ్ల దాకా తెచ్చుకున్నాం. 'ఇది అసలైన చైనా తిండి కాదు' అని కొందరు చులకనగా మాట్లాడతారు. నేను ఒప్పుకోను. ఊరు మారినప్పుడల్లా గిన్నెలోకి ఆ ఊరి పదార్థం తెచ్చుకోవడం హక్కావాళ్లకు వెయ్యేళ్ల అలవాటు. హక్కా నూడుల్స్ ఆ వరసలోనిదే, కాస్త ఆలస్యంగా పుట్టింది, అంతే.

చిత్రమేమిటంటే, టొరంటోలో ఇప్పుడు 'హక్కా రెస్టారెంట్' అని బోర్డు ఉంటే లోపల దొరికేది చిల్లీ చికెన్, మంచూరియా. కలకత్తా నుంచి వెళ్లినవాళ్లు పెట్టినవే. అక్కడున్న మన పిల్లలు ఇంటి మీద బెంగ వచ్చినప్పుడు వెళ్లి తినేది అక్కడే.

మారిషస్ ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. కోరంగి రేవు నుంచి, మిగతా తీరం నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన మనవాళ్లు అక్కడ ఉన్నారు, తెలుగు పండుగలు చేసుకుంటారు. అక్కడి చైనా సంతతిలోనూ ఎక్కువమంది మొయెన్ నుంచి వచ్చిన హక్కాలే. వాళ్లు చేసే వేయించిన నూడుల్స్, 'మీన్ ఫ్రీ', ఇప్పుడు ఆ ద్వీపంలో అందరి తిండి. ఇంకో వంటకం ఉంది. గిన్నె అడుగున గుడ్డు, దాని మీద వేయించిన కూర, మాంసం, పైన అన్నం నొక్కి, పళ్లెంలోకి బోర్లిస్తారు. పేరే 'బోర్లించిన గిన్నె'. నేను మారిషస్ వెళ్లినప్పుడు ఒక తెలుగు కుటుంబం నన్ను భోజనానికి తీసుకెళ్లింది. బల్ల మీద గిన్నె ఎత్తగానే ఆ పో గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

ప్రశ్న: మా ఇంట్లో పంది మాంసం తినరండి. మీరు చెప్పినవాటిలో మేం ఇంట్లో చేసుకోగలిగేది ఏది?

కూరిన టోఫు చెయ్యండమ్మా. గట్టి టోఫు తీసుకోండి. శుభ్రమైన గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి అరగంట ఉంచితే నీరు దిగిపోతుంది. పెద్ద చతురస్రాలు కోసి, మూల నుంచి మూలకు కోస్తే త్రికోణాలు వస్తాయి. పొడవాటి అంచులో చెంచాతో చిన్న గొయ్యి చెయ్యండి, పగలకుండా. ముద్దకు చికెన్ కైమా గానీ, పచ్చి రొయ్యలు తరిగి గానీ తీసుకోండి. శాకాహారులైతే పుట్టగొడుగులు సన్నగా తరిగి వేయించి, తీసిన టోఫునే మెదిపి కలపండి. ఉల్లికాడలు, మిరియాల పొడి, ఉప్పు, కొంచెం సోయాసాస్, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్. ఒకే దిశలో తిప్పుతూ ముద్ద చేతికి అంటుకునేదాకా కలపాలి. ఆ పో ఈ ఒక్క విషయంలో మాత్రం కోడళ్ల మీద కోప్పడేది. గోతిలో కార్న్‌ఫ్లోర్ అద్ది కూరండి, లేకపోతే ఉడికేటప్పుడు ముద్ద ఊడిపోతుంది. ముద్ద ఉన్న వైపు ముందుగా పెనానికి ఆనించి ఎర్రగా వేగనివ్వండి, తర్వాత మిగతా వైపులు. అరగ్లాసు నీళ్లు, సోయాసాస్ పోసి మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు. ఉప్పు మన కూరల్లో కంటే కొంచెం ఎక్కువే వెయ్యండి, వేడి అన్నంలోకి కాబట్టి. ముద్ద మిగిలితే పారెయ్యకండి. కాకరకాయను చక్రాలుగా కోసి, గింజలు తీసేసి, అందులో కూరి అదే పెనంలో వెయ్యండి.